పటం కింద పోయిన అంగుళం

దసరాకు అమ్మ ఊరి నుంచి వచ్చేలోగా మా బెంగళూరు ఇంటి హాలు గోడ బోసితనం పోగొట్టాలని ఒక పటం తెప్పించాను. మూడడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు గల అల్యూమినియం రేకు మీద, 1799 మే 4న ఇంగ్లీషు సేన టిప్పు సుల్తాను శ్రీరంగపట్నం కోటలోకి దూసుకుపోయిన ఘట్టం నలుపు తెలుపులో అచ్చయి ఉంది. రేకు మందం మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, బరువు రెండు కిలోల లోపు; వెనుక అంటించిన సన్నని చెక్క చట్రం వల్ల అది గోడకు అర అంగుళం ఎడంగా, గాలిలో తేలుతున్నట్టు నిలబడుతుంది. అమ్మకందారు పెట్టిన ఫోటోలో అది ఒక బూడిద రంగు సోఫా వెనుక ఎంతో హుందాగా కనిపించింది. మా సోఫా కూడా బూడిద రంగుదే. నిజం చెప్పాలంటే నేను ఆ పటాన్ని ఎంచుకోవడానికి చరిత్ర మీది మక్కువ సగం కారణమైతే, సోఫా మిగతా సగం.

అమ్మది అనంతపురం జిల్లా. వచ్చిన రోజు సాయంత్రం కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని ఆ పటం ముందు చాలాసేపు నిలబడింది. "గోడ నిండా కొట్లాట పెట్టుకున్నావే నాయనా" అంది మొదట. తర్వాత కళ్ళద్దాలు సవరించుకుని, "ఇందులో మనోళ్ళు ఎవురు?" అని అడిగింది. జవాబు చెప్పబోయి ఆగిపోయాను. కింద ఏమైనా రాసి ఉంటుందేమోనని వంగి చూశాను. ఏమీ లేదు. సైనికుల కాళ్ళ దగ్గరే రేకు అంచు వచ్చేసింది. ఒకరిద్దరి పాదాలు సైతం తెగిపోయాయి. ఆ కాలపు ఇంగ్లీషు ముద్ర, అంటే రాగి రేకు మీద చెక్కి కాగితం మీద అచ్చువేసిన బొమ్మ, ఏదైనా సరే, ఆ పాదాల కింద ఒక తెల్లని అంచు, ఆ అంచు మీద చెక్కిన అక్షరాలు ఉండి తీరాలి. మూడుకు రెండు కొలతలో ఇమడటం కోసం ఎవరో వాటిని కోసేశారు.

యుద్ధ చిత్రాలను ఇంట్లో పెట్టుకోవచ్చా, కూడదా అన్నది చాలామందికి మొదటి ప్రశ్న. నాకు ఆ కోసేసిన అంగుళమే మొదటి ప్రశ్న అయింది. పాత యుద్ధ ముద్రలను లోహపు రేకుల మీద అచ్చువేయించి గోడలకు తగిలించుకోవడం ఇప్పుడు బాగా వాడుకలోకి వచ్చింది. ఆ పని చేసేవారు అక్షరాలతో సహా, గీత గీతా చదవగలిగే తీరులో చేయాలనీ, అంతటి ఓపిక లేకపోతే ఆ గోడకు మంచి సున్నం వేయించుకోవడం మేలనీ నా వాదన.

రాగి మీద చెక్కడం మనకు కొత్త విద్య కాదు, దానశాసనాలను రాగి రేకుల మీద చెక్కించిన దేశం మనది. అయితే ఐరోపా ముద్రణకు అంతకన్నా దగ్గరి చుట్టం మన తాటాకు. గంటంతో ఆకు మీద గీసి, దీపపు మసి నూనెలో కలిపి పూసి, గుడ్డతో తుడిస్తే పైన ఉన్న మసి పోతుంది, గీతలో దిగినది మిగులుతుంది. రాగి రేకు ముద్రణకు మూలసూత్రం సరిగ్గా ఇదే. ఉక్కు ములికితో రేకు మీద గాడి తీస్తారు, లేదా రేకుకు మైనపు పూత పూసి, దాని మీద గీసి, గీసినంత మేర ఆమ్లంతో తినిపిస్తారు. ఆపైన సిరా రుద్ది, పైభాగం శుభ్రంగా తుడిచి, తడిపిన కాగితం పరచి రెండు రోలర్ల నడుమ బిగించి తోస్తే, గాడుల్లో దాగిన సిరా కాగితానికి అంటుకుంటుంది. ఈ క్రమంలో కుడి ఎడమలు తారుమారవుతాయి కనుక పటం కింద ఒక్క పేరు కనిపించాలన్నా చెక్కేవాడు ప్రతి అక్షరాన్నీ తిరగేసి చెక్కాలి. అంత శ్రమను ఎవరూ ఊరికే పడరు.

ఆ శ్రమ వెనుక చట్టం ఉంది. లండన్‌లో విలియం హోగార్త్ అనే చిత్రకారుడు తన ముద్రలను చూసి దొంగ ముద్రలు వేసుకుంటున్న దుకాణాలతో విసిగిపోయి, మరికొందరు చెక్కడపు పనివారితో కలిసి పార్లమెంటుకు మొర పెట్టుకున్నాడు. దాని ఫలితంగా 1735లో ఒక చట్టం వచ్చింది. ముద్ర మీద హక్కు పద్నాలుగేళ్ళ పాటు దాని కర్తకు ఉంటుంది, అయితే ప్రచురించిన తేదీ, హక్కుదారు పేరు రేకు మీదనే చెక్కి ఉండాలి. అప్పటి నుంచి ఇంగ్లీషు ముద్రల అడుగున ఆ వరుస తప్పనిసరి అయింది. ఎడమ మూల చిత్రకారుడి పేరు, కుడి మూల చెక్కినవాడి పేరు, నడుమ ఘట్టం పేరు, దాని దిగువన అమ్మినవాడి పేరు, వీధి, తేదీ. చాలాసార్లు వీటికి తోడు ఫలానా ప్రభువు గారికి వినయపూర్వకంగా అంకితం అనే మాట, ఆ ప్రభువు వంశపు చిహ్నం కూడా ఉంటాయి. ఎవరు గీశారు, ఎవరు అమ్మారు, ఎవరి మెప్పు కోసం అన్న మూడు ప్రశ్నలకూ జవాబు ఆ అంగుళంలోనే దొరుకుతుంది. మన శాసనాల చివర దానాన్ని హరించినవాడు అరవై వేల ఏళ్ళు అశుద్ధంలో పురుగై పుడతాడనే శాపశ్లోకం ఉంటుంది. హోగార్త్ చట్టంలో అటువంటి వాక్యం లేకపోవడం ఈనాటి పటాల వ్యాపారుల అదృష్టం. దొంగ ముద్రలను ఆపడానికి పుట్టిన ఆ వరుసనే, హక్కులన్నీ తీరిపోయిన ఈ రోజుల్లో, ముందుగా కోసి పారేస్తున్నారు.

మా గోడ మీది పటంలో ఆ అంగుళం ఉండి ఉంటే అమ్మ ప్రశ్నకు జవాబు సగం అక్కడే దొరికేది. ఆ చిత్రానికి మూలం రాబర్ట్ కెర్ పోర్టర్ అనే ఇరవై రెండు మూడేళ్ళ ఇంగ్లీషు యువకుడు 1800లో లండన్‌లో వేసిన పనోరమా, అంటే చూపు చుట్టూ పరచుకునేంత పెద్ద చిత్రం. శ్రీరంగపట్నం పడిపోయిన ఏడాదిలోపే, సుమారు 120 అడుగుల పొడవు గుడ్డ మీద ఆ దాడినంతా ఆరు వారాల్లో చిత్రించి, స్ట్రాండ్ వీధిలోని లైసియం అనే ప్రదర్శనశాలలో ప్రదర్శనకు పెట్టాడు. జనం విరగబడి చూశారు. అప్పటికి పోర్టర్ మన దేశంలో కాలు పెట్టలేదు. కావేరిని, ఆ కోటను, మే నెల మధ్యాహ్నపు ఎండను చూడలేదు. ఇంగ్లీషు అధికారుల ముఖాలు మాత్రం ఎవరి పోలిక వారికి కుదిరేలా శ్రద్ధగా గీశాడు, కోటను కాపాడుతూ పడిపోయిన మామూలు సిపాయిలకు పోలికల అవసరం రాలేదు. ఆ పెద్ద గుడ్డ ఇప్పుడు లేదు. మనకు మిగిలినవి జొవాన్నీ వెంద్రామీని అనే ఇటలీ పనివాడు దాన్ని చూసి 1802, 1803 ప్రాంతంలో చెక్కిన ముద్రలే. వెంద్రామీని గీతలతో కాక చుక్కలతో చెక్కే పద్ధతిలో ఆరితేరినవాడు: ఒక బుగ్గ నునుపును చూపడానికి వందల చుక్కలు, నీడ ముదిరే చోట ఒత్తుగా, వెలుగు పడే చోట పలచగా.

ఇంత చెప్పాక, ఆ ముద్ర అబద్ధమనీ, గోడ మీద ఉండకూడదనీ నేను అంటానని పాఠకులు అనుకోవచ్చు. అలా అనను. ఈ ముద్రలు పుట్టిందే గోడల కోసం. కెనడాలోని క్యూబెక్ వద్ద 1759లో చనిపోయిన ఇంగ్లీషు జనరల్ వుల్ఫ్ మరణ ఘట్టాన్ని బెంజమిన్ వెస్ట్ 1770లో చిత్రిస్తే, విలియం వుల్లెట్ 1776లో దాన్ని రాగి మీద చెక్కాడు, ఆ ముద్ర విపరీతంగా అమ్ముడుపోయి కలిగిన ఇళ్ళ గోడలకు ఎక్కింది. చిత్రంలో వుల్ఫ్ చుట్టూ కన్నీళ్ళతో నిలబడిన వారిలో చాలామంది ఆ సమయానికి అక్కడ లేరు. యుద్ధాన్ని అలంకారంగా మార్చడం మన తరంతో మొదలు కాలేదన్నమాట. ఆనాటి కొనుగోలుదారు చేతికి మాత్రం తాను ఎవరి వాదాన్ని కొంటున్నాడో చెప్పే చీటీ కూడా పటంతో పాటే అందేది, మనం ఆ చీటీని చించి పారేసి పటాన్ని ఉంచుకుంటున్నాం.

చీటీకి ఎంత బలం ఉంటుందో తెలియాలంటే స్పెయిన్ చిత్రకారుడు గోయాను చూడాలి. నెపోలియన్ సేనలు స్పెయిన్‌ను ఆక్రమించిన కాలపు ఘోరాలను ఆయన 1810 నుంచి పదేళ్ళ పాటు రాగి మీద చెక్కుతూ పోయాడు. ఆయన 1828లో చనిపోతే, అవి 80 ముద్రల సంపుటంగా వెలువడింది 1863లో. వాటిలో ఒకదానిలో ఊరు విడిచి పారిపోతున్న జనం కనిపిస్తారు. దాని కింద ఉన్నది ఒక్క చిన్న వాక్యం: నేను చూశాను. ఆ వాక్యం తీసేస్తే మిగిలేది పరుగెత్తుతున్న గుంపు బొమ్మ. పోర్టర్ ముద్ర కింద ఆ మాట ఎన్నటికీ ఉండదు, ఉండే వీలు లేదు. చూసినవాడి చెక్కడాన్ని, చూడనివాడి చెక్కడాన్ని పక్కపక్కన పెట్టి, రెంటికీ అంచులు కోసి, ఒకే కొలతకు సాగదీసి, ఒకే మెరుపు పూత పూసి 'పాతకాలపు యుద్ధ కళ' అనే ఒకే పేరుతో అమ్మడంలో నాకు కనిపించే అన్యాయం అది.

సాగదీయడం గురించి కూడా చెప్పాలి. ఇప్పటి ఫ్రాన్సులోని లొరేన్ ప్రాంతం వాడైన జాక్ కాలో 1633లో యుద్ధపు దుర్గతుల మీద 18 ముద్రలు వెలువరించాడు. వాటిలో ఒక పెద్ద చెట్టు కొమ్మలకు దొంగతనం చేసిన సిపాయిలు పళ్ళ గుత్తుల్లా వేలాడే ముద్ర అన్నిటిలోకీ ప్రసిద్ధం. ఒక్కొక్క ముద్ర ఎత్తు ఎనిమిది సెంటీమీటర్లు, వెడల్పు పద్దెనిమిది పంతొమ్మిది సెంటీమీటర్లు, అంటే పోస్టు కవరు పాటి. దూరం నుంచి అది ఒక చెట్టు, దాని చుట్టూ జాతర వంటి జనసమ్మర్దం. ముఖం దగ్గరికి తెచ్చుకుంటే తప్ప కొమ్మలకు వేలాడుతున్నవి మనుషులని తెలియదు, నిచ్చెన మీద ఉరితాడు పడబోయేవాడి పక్కన నిలబడి సిలువ చూపుతున్న సన్యాసి కనిపించడు. ఆ దగ్గరికి తెచ్చుకోవడంలోనే కాలో పన్నిన వల అంతా ఉంది. దాన్ని నాలుగడుగుల రేకు మీద వేసి, ఎవరూ సోఫా దాటి దగ్గరికి పోలేని చోట తగిలిస్తే, గది అవతలి మూల నుంచే అంతా ఒక్కసారిగా కనిపించి, చూసేవాడు ఆ వలలో పడే అవకాశమే లేకుండా పోతుంది. పెద్దదైన కొద్దీ పటంలో చూడవలసినది తగ్గిపోతుందని నాకు అప్పుడు అర్థమయింది.

ఇక అమ్మ ప్రశ్న. మరుసటి ఆదివారం ఆమెను తీసుకుని శ్రీరంగపట్నం వెళ్ళాను. బెంగళూరు నుంచి మూడు గంటల లోపు ప్రయాణం. అక్కడ టిప్పు వేసవి విడిది దరియా దౌలత్ బాగ్ పడమటి గోడ నిండా ఇంకో యుద్ధం ఉంది. 1780 సెప్టెంబరు 10న కంచి దగ్గర పొల్లిలూరులో హైదరాలీ, టిప్పు కలిసి ఈస్టిండియా కంపెనీ కల్నల్ విలియం బెయిలీ సేనను తుడిచిపెట్టిన ఘట్టాన్ని టిప్పు ఆ గోడ మీద రాయించాడు. తలపాగాల వరుసలు, గుర్రాల వరుసలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. నడుమ చతురస్రంగా నిలబడిన ఎర్రకోటు సిపాయిలు, వారి మధ్య గాయపడి పల్లకీలో కూర్చున్న బెయిలీ, ఒక పక్క నిప్పంటుకుని పేలిపోతున్న మందుగుండు బండి. బెయిలీ ఆ యుద్ధానికి నడిచి వచ్చింది మన గుంటూరు నుంచి. అక్కడి తన దళంతో దక్షిణానికి వచ్చి కంచి దగ్గర హెక్టర్ మన్రో సేనను కలుసుకోవాలని అతనికి ఆజ్ఞ, కలుసుకునే లోపే పొల్లిలూరు అడ్డం వచ్చింది. పట్టుబడిన బెయిలీ శ్రీరంగపట్నం చెరలోనే 1782లో చనిపోయాడు. అదే యుద్ధంలో పట్టుబడి, అదే ఊళ్ళో మూడున్నరేళ్ళకు పైగా బందీగా గడిపిన ఒక యువ అధికారి పేరు డేవిడ్ బెయిర్డ్. పందొమ్మిదేళ్ళ తర్వాత, 1799 మే 4న ఒంటిగంట వేళ, కందకం మీదికి ఎక్కి కత్తి దూసి కోట మీది దాడిని నడిపింది అతనే. పోర్టర్ పటం నడిబొడ్డున వీరుడిగా నిలిచిందీ అతనే. దరియా దౌలత్ గోడ, మా హాలు గోడ ఒకే కథకు రెండు కొసలని ఆ వరండాలో నిలబడినప్పుడు కానీ నాకు స్ఫురించలేదు.

టిప్పు రాయించిన గోడ కూడా ఒక పక్షపు వాదమే. గెలిచినవాడు తన గెలుపును తన విడిది మీద రాయించుకున్నాడు, అంతకన్నా వేరే పవిత్రత దానికి లేదు. అయితే అది తన గోడ మీదే ఉంది. పొల్లిలూరులో ఓడిన పక్షం వారు కోటను గెలుచుకున్నాక, వారి సేనాధికారి ఆర్థర్ వెల్లెస్లీ కొంతకాలం ఆ భవనంలోనే కాపురమున్నాడు, వెలిసిపోయిన బొమ్మకు గవర్నర్ జనరల్ డల్హౌసీ కాలంలో మళ్ళీ రంగులు వేయించారు. ఎవరి గోడో, ఎవరి గెలుపో తెలిసి చూసే బొమ్మకూ, ఎక్కడి నుంచో ఊడిపడిన బొమ్మకూ ఉన్న తేడాను అమ్మ నాకన్నా ముందే పట్టుకుంది. "ఇక్కడ ఎవురు ఎవురిని కొడతాండారో తెలుస్తాండాది" అంది.

తిరుగు ప్రయాణంలో ఆమెకు జవాబు చెప్పాను. మనోళ్ళు రెండు వైపులా ఉన్నారు. కంపెనీ వారి మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలు చాలామంది. జెంటూలని పిలిచేవారు వారిని. 1799లో కంపెనీకి తోడుగా హైదరాబాదు నుంచి మీర్ ఆలం వెంట నిజాం సేన కూడా వచ్చింది. అటు, హైదరాలీ గుత్తి కోటను మరాఠా నాయకుడు మురారిరావు చేతి నుంచి లాగుకున్నప్పటి నుంచి మన సీమలో పెద్ద భాగం మైసూరు ఏలుబడిలో ఉండేది. కోట పడిపోయాక టిప్పు రాజ్యాన్ని పంచుకున్నప్పుడు గుత్తి ప్రాంతం నిజాం వాటాకు వచ్చింది. తన దగ్గర ఉంచిన కంపెనీ సేన ఖర్చు కింద నిజాం 1800లో ఆ భాగాన్నీ, అంతకుముందు 1792లో తనకు దక్కిన భాగాన్నీ కలిపి కంపెనీకే ధారపోశాడు. దత్తమండలాలనే పేరు అలా పుట్టింది, థామస్ మన్రో కలెక్టరుగా అలా వచ్చాడు. అమ్మ ఊరికి మొదటి కంపెనీ పన్ను చీటీ రావడానికీ, మా గోడ మీది పొగకూ నడుమ ఉన్నది ఏడాదిన్నర కాలమే. ఆ పటాన్ని సోఫాకు జతగా కొన్నవాడికి ఈ సంగతి ముందే తెలిసి ఉండవలసింది. నాకు దత్తమండలాల సంగతి పాఠాల్లో చదివిన గుర్తు ఉంది కానీ, పటం చూస్తూ అది గుర్తుకు రాలేదు. గుర్తు చేసే అక్షరం పటంలో ఒక్కటీ లేదు.

బంధువుల్లో ఒకరు వాస్తు ప్రకారం యుద్ధం బొమ్మ ఇంట్లో ఉంటే కలహం తప్పదన్నారు. మహాభారతాన్ని ఇంట్లో చదవకూడదనే మాటకు ఇది తోబుట్టువు. అలా అన్నవారి హాల్లోనే గీతోపదేశం పటం ఉంది; అర్జునుడి రథానికి అటూ ఇటూ పద్దెనిమిది అక్షౌహిణులు విల్లులు ఎక్కుపెట్టి నిలబడి ఉండగా, క్యాలెండరు చిత్రకారుడు వారిని లేత నీలం మంచులో కలిపేయడం వల్ల ఎవరికీ అది రణరంగంగా తోచదు. యుద్ధం బొమ్మను ఎక్కడ ఉంచాలో మన పెద్దలకు ఇంతకన్నా మంచి పద్ధతి తెలుసు. మా వైపు చాలా ఊళ్ళ పొలిమేరల్లో వీరగల్లులు కనిపిస్తాయి. రాతి పలక అడుగున పోరు, దాని పైన వీరుడిని ఎత్తుకుపోతున్న అప్సరసలు, అన్నిటికన్నా పైన శివలింగం. శాసనం ఉన్న రాళ్ళ మీద ఫలానా ఊరి కోసమో, ఫలానా పశువుల మందల కోసమో ఫలానావాడు పడిపోయాడని రాసి ఉంటుంది. లండన్ ముద్ర కింద అమ్మినవాడి పేరు, వీరగల్లు మీద చచ్చినవాడి పేరు. వీరగల్లు ఫోటోను కూడా రేకు మీద వేసి అమ్ముతున్నవారు ఉంటారేమో. ఉంటే, అక్షరాలు ఉన్న భాగాన్ని ముందుగా వారే కోసేసి ఉంటారు.

ఇంతకూ లోహపు రేకు మీద నాకు కోపం లేదు. కాగితపు ముద్రకు అద్దం బిగించి పెట్టుకున్నవారికి వానాకాలం ఏం చేస్తుందో తెలుసు: అద్దం లోపల తేమ పట్టి, కాగితం మీద గోధుమరంగు మచ్చలు లేచి, అంచులు పురుగు తింటుంది. రేకును తడిగుడ్డతో తుడిస్తే చాలు. నేరుగా ఎండ పడే గోడకు పెట్టకుండా ఉంటే రంగు కూడా ఏళ్ళ తరబడి నిలుస్తుంది. చెడ్డది మేము కొన్న రేకు. సాయంత్రం ట్యూబులైటు వేయగానే దాని మెరుపు పూత మీద ఒక తెల్లటి గీత కోట బురుజును అడ్డంగా కోసేది. సోఫాలో కూర్చుంటే పొగ మధ్యలో నా ముఖమే కనిపించేది. దగ్గరికి వెళ్ళి భూతద్దంతో చూస్తే వెంద్రామీని చుక్కల్లో ఒక్కటీ మిగలలేదు. ఎవరో ఏదో పుస్తకంలోని అచ్చును స్కాన్ చేసిన చిన్న బొమ్మను మూడడుగులకు సాగదీసి ఉంటారు. పుస్తకపు అచ్చు చుక్కలు, చెక్కడపు చుక్కలు ఒకదానితో ఒకటి తగులుకుని, రెండు దోమతెరలను ఒకదాని మీద ఒకటి వేస్తే కనిపించే అలల వంటి నీడలు ఆకాశమంతా పరచుకున్నాయి. మూడడుగుల పటంలో చుక్కలు చుక్కలుగా నిలవాలంటే బొమ్మ వెడల్పు పది వేల పిక్సెళ్ళకు తగ్గకూడదు. ఆ అమ్మకందారుకు ఫిర్యాదు రాస్తే, పాతకాలపు బొమ్మలు అలాగే ఉంటాయని సమాధానం వచ్చింది.

రెండోసారి నేనే పూనుకున్నాను. ఒక విదేశీ మ్యూజియం వారు అందరికీ ఉచితంగా ఇచ్చిన పెద్ద స్కాన్, అంచులతో సహా, దొరికింది. దాన్ని పెన్‌డ్రైవులో వేసుకుని మా పేటకు దగ్గరలో రేకు అచ్చులు వేసే చిన్న దుకాణానికి వెళ్ళాను. అక్కడి పద్ధతి చూశాక నాకు కాసేపు నవ్వు ఆగలేదు. ముందు బొమ్మను ప్రత్యేకమైన కాగితం మీద, కుడి ఎడమలు తిప్పి, అచ్చువేస్తారు. తెల్లని పూత ఉన్న అల్యూమినియం రేకు మీద ఆ కాగితాన్ని బోర్లించి, వేడిని తట్టుకునే టేపుతో కదలకుండా అంటించి, దాదాపు 200 డిగ్రీల వేడి ప్రెస్సులో నొక్కుతారు. హారతి పళ్ళెంలో కర్పూరం కరగకుండానే ఆవిరైపోయినట్టు, రంగు నేరుగా ఆవిరై పూతలోకి ఇంకిపోతుంది. పైకెత్తి కాగితాన్ని ఒలిస్తే దాని మీద వెలిసిపోయిన నీడ మాత్రమే మిగులుతుంది. రాగి రేకు మీద తిరగేసి చెక్కి కాగితం మీదికి తెచ్చిన బొమ్మను, రెండు వందల ఏళ్ళ తర్వాత కాగితం మీద తిరగేసి వేసి మళ్ళీ రేకు మీదికి పంపుతున్నారు. చక్రం పూర్తిగా తిరిగింది, నడుమ జారిపోయినది ఆ అంగుళం ఒక్కటే.

ఆ దుకాణం అతను కంప్యూటరు మీద బొమ్మను తెరవగానే, అలవాటుగా కింది అంచు మీద గీత పెట్టి, "బోర్డరు తీసేద్దామా సార్? అందరూ తీసేయమంటారు" అన్నాడు. వద్దన్నాను. మెరుపు వద్దు, మసక పూత చాలన్నాను. తెల్ల పూత లేని రేకు కూడా ఉందనీ, దాని మీద వేస్తే బొమ్మలో తెలుపు ఉన్న చోటల్లా లోహం వెండిలా మెరుస్తుందనీ ఒక నమూనా చూపించాడు. ఆ నమూనాలో సిపాయిల ఛాతీ మీది అడ్డపట్టీలు, తుపాకీ మొనలు తళతళలాడుతున్నాయి. అందంగా ఉందని ఒప్పుకోవాలి. చెక్కడపు ముద్రలో తెలుపంటే సిరా అంటని కాగితం, ఏమీ లేని చోటు. అది మెరవడం మొదలుపెడితే చూపు చుక్కలను వదిలి మెరుపు వెంట పోతుంది. తెల్ల పూతే ఖాయం చేశాను.

ఇప్పుడు ఆ రేకు హాల్లో లేదు. వంటింటికి, పడకగదికి నడుమ ఉన్న సన్నని నడవలో, కంటి ఎత్తున, రెండు స్క్రూల మీద ఉంది. అటుగా పోయేవారు దానికి రెండడుగుల దూరంలోనే నడవాలి, ఆగితే చదవాలి. పెట్టిన రోజు అమ్మ కింది వరుస మీద వేలు పెట్టి ఏం రాసుందో చదివి వినిపించమంది. చిత్రకారుడి పేరు, చెక్కినవాడి పేరు, అమ్మినవాడి పేరు, తేదీ వరుసగా చదివాను.

"చచ్చిపోయినోళ్ళ పేర్లు లేవా?"

లేవన్నాను. సరేలెమ్మని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

హాలు గోడకు పడిన నాలుగు రంధ్రాలను పుట్టీతో పూడ్పించి, అక్కడ ఏమీ పెట్టకుండా వదిలేశాను. మొదటి రేకును అమ్మకందారు వెనక్కి తీసుకోలేదు. కొన్నాళ్ళు బీరువా వెనుక గోడకు ఆనించి ఉంది. సంక్రాంతికి ముందు అమ్మ మళ్ళీ వచ్చినప్పుడు దాన్ని బయటికి లాగి, వెనుక చెక్క చట్రం ఊడదీయించి, మిద్దె మీద ఎండలో బోర్లా పరిచి, దాని మీద తడిగుడ్డ వేసి పిండి వడియాలు పెట్టింది. రెండు రోజుల్లో బాగా ఎండాయి.